సీసాలో చలవ

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఈపూరు నుంచి. రాసిన సోదరి తన పేరు వేయవద్దని కోరారు కనుక వేయను. ఉత్తరం పొడుగైనదే. సారాంశం ఇది.

వాళ్ళకు ఊరి వెలుపల మెట్టచేను పక్కన ఒక కోళ్ళ షెడ్డు వుంది. అయిదు వేల బ్రాయిలర్ పిల్లలు పడతాయి. పిల్లలూ, దాణా, మందులూ కంపెనీవాళ్ళవి. షెడ్డూ, కరెంటూ, నీళ్ళూ, కింద పరిచే ఊకా, రెక్కల కష్టమూ వీళ్ళవి. పెరిగిన కోళ్ళను తూచి, కిలోకు ఇంత అని కూలి కట్టి ఇస్తారు. కిందటి మే నెలలో, కోళ్ళు మరో వారానికి లారీ ఎక్కవలసి వుండగా, రెండు రోజుల వడగాడ్పుకు దాదాపు ఆరు వందలు చచ్చిపోయాయి. ఆ బ్యాచికి చేతికి వచ్చిన డబ్బు కరెంటు బిల్లుకు కూడా చాలలేదట. షెడ్డు మీద బ్యాంకు అప్పు అలాగే వుంది.

ఇప్పుడు మళ్ళీ ఎండలు ముదురుతున్నాయి. ఒక ఏజెంటు వచ్చి, "ఇది అచ్చంగా మూలికల రసం. అశ్వగంధ, తులసి, ఉసిరి, పసుపు వున్నాయి. నీళ్ళలో కలిపితే చాలు, కోడికి చలవ చేస్తుంది, బెదురు పోతుంది" అని సీసాలు చూపించి వెళ్ళాడు. బ్యాచి మొత్తానికి కావలసిన సీసాల ఖరీదూ, గోనెపట్టలకూ రెండు పెద్ద పంకాలకూ వాళ్ళు దాచుకున్న డబ్బూ ఇంచుమించు ఒకటే. "రెండూ కొనే స్తోమత లేదు. మావారు సీసా అంటున్నారు. నాకు పంకాలు అనిపిస్తోంది. మీరేమంటారు?" అని అడిగారు ఆ సోదరి.

ఆలుమగల తగవులో తల దూర్చరాదని పెద్దలు అంటారు. అడిగారు కనుక దూర్చక తప్పదు. నా ఓటు ఆ సోదరికే. అయితే సీసాలో వున్నదంతా బూటకమని మాత్రం నేను అనను. ఆ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో చెప్పటానికే ఈ వారం ఈ పేజీ.

కోడిని ముట్టని ఇళ్ళవాళ్ళు, "మాకెందుకండీ ఈ గొడవ?" అని పేజీ తిప్పేయబోతారేమో! కాస్త ఆగండి. కోళ్ళు జబ్బు పడకుండానూ, త్వరగా పెరగటానికీ దాణాలో ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్ మందులు కొద్దికొద్దిగా కలుపుతూ వచ్చారు. అలా కలపగా కలపగా ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. అవి షెడ్డులోనే వుండిపోవు. నీళ్ళ వెంట, పెంట వెంట, మనుషుల వెంట ఊళ్ళోకి వస్తాయి. ఆసుపత్రిలో మీ పిల్లవాడికి ఇచ్చిన మందు పనిచేయకపోతే, ఆ పిల్లవాడు శాకాహారి అన్న సంగతి ఆ సూక్ష్మజీవికి పట్టదు. అందుకే స్వీడన్ దేశం 1986లోనే, ఐరోపా దేశాల కూటమి 2006 నుంచీ, పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్కులు కలపటాన్ని మాన్పించాయి. కొలిస్టిన్ అనే మందును 2019 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్ళూ మొదలైన ఆహారపు జంతువులకు వాడరాదని నిషేధించింది. మనిషికి ఇంకే మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు చేతికి తీసుకునే ఆఖరి మందులలో అది ఒకటి.

ఆ మందులు తప్పుకున్న చోటికే మన పోపులపెట్టె వచ్చి చేరింది. వెల్లుల్లి, అల్లం, పసుపు, వాము, తులసి, ఉసిరి, నేలవేము, మునగాకు - ఇవన్నీ పొడులుగానూ, రసాలుగానూ, నూనెలుగానూ కోళ్ళ దాణాలోకి ఎక్కుతున్నాయి. ప్రపంచమంతటా ఇప్పుడు ఇది పెద్ద వ్యాపారం. ఈపూరు వచ్చిన ఏజెంటు చేతిలోని సీసా ఆ చెట్టుకు ఒక కొమ్మ.

ఇక అసలు సంగతికి వద్దాం. ఎండలో కోడికి ఏమవుతుంది?

మనకు ఉక్క పోస్తే చెమట పడుతుంది. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. కోడికి స్వేద గ్రంథులు లేవు. పైగా ఒంటినిండా ఈకల దుప్పటి. దాని ఒంటి వేడి మామూలు రోజులలోనే 41, 42 సెంటిగ్రేడు డిగ్రీలు, మనకైతే విపరీతమైన జ్వరం అన్నమాట. పెరిగిన బ్రాయిలర్‌కు హాయిగా వుండే గాలి వేడి 18 నుంచి 24 డిగ్రీల వరకు. 30 దాటితే ఇబ్బంది మొదలు. అప్పుడు రెక్కలు ఒంటికి దూరంగా జార్చి, ముక్కు తెరిచి వగర్చటం మొదలుపెడుతుంది. నాలుక మీద నుంచీ, ఊపిరితిత్తుల నుంచీ తేమను ఆవిరిగా పంపి ఒళ్ళు చల్లబరచుకోవాలని దాని ప్రయత్నం. దానికి వున్న ముఖ్య సాధనం అదొక్కటే.

కాని ఆ వగర్పుకు ఖర్చు వుంది. అదేపనిగా వగరిస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోతుంది. రక్తం క్షారగుణం పొందుతుంది. గుడ్లు పెట్టే కోడి అయితే పెంకు కట్టటానికి కావలసిన సరుకు కరువవుతుంది. మే నెలలో బజారు నుంచి తెచ్చిన గుడ్లు చేతిలోనే చిట్లుతున్నాయని మీరు ఎప్పుడైనా విసుక్కున్నారా? అంగడివాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. ఆ గుడ్డు పెట్టిన కోడి ఎండలో వగరుస్తూ పెట్టింది.

మాంసపు కోడి సంగతి వేరు. వేడికి అది మేత మానేస్తుంది. మూత్రపిండాల పక్కన వుండే అడ్రినల్ గ్రంథులు కార్టికోస్టెరాన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. 1936లో హాన్స్ సెల్యీ అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియాల్‌లో ఎలుకల మీద పరీక్షలు చేసి, కష్టం ఏ రూపంలో వచ్చినా - చలి కానీండి, గాయం కానీండి, విషం కానీండి - ఒళ్ళు దాదాపు ఒకే తీరున స్పందిస్తుందని ప్రకటించాడు. ఇవాళ మనం మాటకు ముందు 'స్ట్రెస్' అంటున్నామే, ఆ మాటకు వైద్యంలో ప్రచారం తెచ్చినవాడు ఆయనే. ఆ స్ట్రెస్ కోడికీ వుంది. రెండు రోజులు వుంటే ఆ రసాలు ప్రాణం నిలబెడతాయి. రెండు వారాలు వుంటే కండ కరిగిస్తాయి, రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఒంటి వేడి 47 డిగ్రీల దరికి వచ్చిందంటే ఇక ఆ కోడి దక్కదు.

"పూర్వం మా అమ్మమ్మ ఇంట్లో ఇరవై కోళ్ళు వుండేవి, వడదెబ్బకు ఒక్కటీ చావలేదే!" అని మీరు అనవచ్చు. నిజమే. ఆ కోడి వేరు, ఈ కోడి వేరు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంవారు 1957 నాటి కోడి జాతినీ, 1978 నాటి జాతినీ, 2005 నాటి బ్రాయిలర్‌నూ ఒకేచోట, ఒకే దాణాతో పెంచి, 2014లో ఫలితాలు ప్రకటించారు. 56వ రోజున తూస్తే 1957 నాటి కోడి 905 గ్రాములు తూగింది. 1978 నాటిది 1,808 గ్రాములు. 2005 నాటిది 4,202 గ్రాములు! తిన్న దాణా అంత వేగంగా కండగా మారుతుంటే ఒంట్లో పుట్టే వేడి కూడా అంతకు అంత. అమ్మమ్మగారి కోడి చింతచెట్టు కింద మట్టి కెలుక్కుని పడుకునేది. ఈ కోడి నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది కోళ్ళ మధ్య, రేకుల కప్పు కింద, రొయ్యలబుట్టలో రొయ్యలాగా ఇరుక్కుని నిలబడుతుంది. చివరి వారంలోని బరువైన కోళ్ళే ఎక్కువగా చస్తాయి. అంటే రైతు పెట్టవలసిన ఖర్చంతా పెట్టేసిన తరువాత, కూలి చేతికి వచ్చే ముందు.

ఇక ఈపూరు వుండేది ఏ సీమలో? పల్నాడులో. కోడిపందెంలో ఓడి మాచర్లవారు రాజ్యం వదిలి అడవులకు పోయిన కథ ఈ సీమదే. ఇక్కడ కోడికి చరిత్రలో ఆ పాటి పరువు వుంది. ఎండకూ అంతే పరువు వుంది. రెంటచింతలలో వేసవిలో 45 డిగ్రీలు దాటిందన్న వార్త పత్రికలలో ఏటా చదివేదే. 2003లోనూ 2015లోనూ వచ్చిన వడగాడ్పులలో తెలుగు నేల మీద వెయ్యిమందికి పైగా మనుషులే పోయారు. కోళ్ళు లక్షలలో పోయాయి. 18 నుంచి 24 డిగ్రీలలో సుఖపడే ప్రాణిని 45 డిగ్రీలలో పెంచుతున్నామన్నమాట. 1971లో బి.వి. రావుగారు హైదరాబాదులో వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాత కోళ్ళ పెంపకం మన రైతులకు పెరటి వ్యాపకం స్థాయి నుంచి పరిశ్రమ స్థాయికి ఎదిగింది. ఆ ఎదుగుదల వల్ల గుడ్డూ మాంసమూ సామాన్యుడికి అందుబాటులోకి వచ్చాయి, కాదనను. ఎండ మాత్రం ఎక్కడిదక్కడే వుంది.

ఇప్పుడు సీసా మూత తీసి చూద్దాం.

మొదటిది ఉసిరి. దానిలో విటమిన్ సి వుందని మీకందరికీ తెలుసు. మనిషి ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, తిని తెచ్చుకోవలసిందే. కోడి మాత్రం తన మూత్రపిండాలలో తానే తయారు చేసుకుంటుంది. అయితే తీవ్రమైన వేడిలో ఆ తయారీ చాలదు. అందుకని కిలో దాణాకు పావు గ్రాము చొప్పున శుద్ధమైన విటమిన్ సి కలిపి చూసిన పరీక్షలలో, వేడికి చిక్కిన కోళ్ళు మేత మేలుగా తిని, బరువు కాస్త నిలబెట్టుకున్నాయి. మరి ఉసిరి పెడితే సరిపోదా? ఇక్కడ ఒక చిక్కు వుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టిక చూస్తే, వంద గ్రాముల తాజా ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి. అదే సంస్థ 2017లో వేసిన పట్టిక చూస్తే సుమారు 250. రెండూ నిజమే కావచ్చు. కాయ రకం, నేల, కోసిన కాలం, కొలిచిన పద్ధతి మారితే అంకె మారుతుంది. ఎండబెట్టి, పొడి కొట్టి, గోదాములో ఆరు నెలలు వుంచితే ఇంకా మారుతుంది. మూలికలతో వచ్చే చిక్కంతా ఇదే. పేరు ఒకటే, బలం ఒకటి కాదు.

రెండవది అశ్వగంధ, మన పెన్నేరుగడ్డ. ఆయుర్వేదంలో బలానికీ, నిద్రకూ పేరుపడ్డది. దీన్నీ, తులసినీ కోళ్ళకు పెట్టి మన దేశపు పశువైద్య కళాశాలలలో చాలా పరీక్షలు జరిగాయి. రక్తంలో కార్టికోస్టెరాన్ ఎంత వుందో, తెల్లకణాలలో ఒక రకానికీ మరొక రకానికీ నిష్పత్తి ఎలా మారిందో చూసి స్ట్రెస్‌ను కొలుస్తారు. కొన్ని పరీక్షలలో అవి మెరుగుపడ్డాయి. కొన్నింటిలో తేడా కనిపించలేదు.

మూడవది పసుపు. దుగ్గిరాల యార్డుకు వచ్చే కొమ్ములలోని పచ్చటి రంగుకు కారణమైన కుర్కుమిన్, వేడివల్ల కణాలకు జరిగే నష్టాన్ని కొంత ఆపుతుంది. అయితే అది పేగులలో నుంచి రక్తంలోకి చాలా కొద్దిగానే ఎక్కుతుంది. వాములో థైమాల్ అనే నూనె వుంది. అది పేగులలోని చెడు సూక్ష్మజీవులను కొంతవరకు అదుపులో పెడుతుంది. వేడికి పేగుల గోడ బలహీనపడుతుంది కనుక అది చిన్న సాయం కాదు. బీట్ దుంపల నుంచి మొదట తీసిన బీటెయిన్ అనే పదార్థం కణాలలో నీటిని పట్టి వుంచుతుంది. వేడిలో కోళ్ళకు బీటెయిన్ మేలు చేసిందని చాలాచోట్ల తేలింది.

మరి పల్నాటి మిరపకాయ మాటేమిటి? అడక్కుండానే చెబుతాను, ఎందుకంటే ఇది వింత. కోడికి మిరపకాయ కారం తెలియదు! మన నోట్లో కారాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటి వుంది. మంట వేడిని పసిగట్టేదీ అదే. కారం తిన్నప్పుడు నోరు 'మండింది' అనటం అందుకే. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆయనా, ఆయన సహచరుడూ 2002లో కోడిలోని అదే గ్రాహకాన్ని పరీక్షించి చూశారు. కారానికి అది ఉలకలేదు, పలకలేదు. వేడికి మాత్రం వెంటనే స్పందించింది. కనుక మిరపపొడి కలిపిన దాణాను కోడి హాయిగా తింటుంది, గుడ్డు పచ్చసొనకు మంచి రంగు కూడా వస్తుంది. మే నెల ఎండ మాత్రం దానికి మన కంటే బాగా తెలుస్తుంది.

ఇదంతా విన్న తరువాత, "మూలికలే కదా, పనిచేస్తే చేస్తాయి, లేకపోతే లేదు, నష్టమేముంది?" అనవచ్చు ఆ సోదరి భర్తగారు. రెండు పాత కథలు చెబుతాను.

మొదటిది సర్పగంధ కథ. అది మన దేశపు మూలిక. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్‌గారు రక్తపు పోటు మీద దాని గుణాన్ని 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దాని వేరు నుంచి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. రక్తపు పోటుకూ, మనసు ఉద్రేకానికీ అది గొప్ప మందుగా వెలిగింది. మనుషులను శాంతపరచే మందు కోళ్ళను శాంతపరచదా అని అమెరికాలో 1950లలో దాన్ని కోళ్ళ మేతలో కలిపి చూశారు. వేడికి కొంత తట్టుకున్నట్టు కనిపించింది. మోతాదు కాస్త ఎక్కువైతే మాత్రం మగతలో పడి మేత తగ్గించాయి. ఇవాళ బ్రాయిలర్ దాణాలో దానికి చోటు లేదు. వేరు తవ్వకాల వల్ల ఆ మొక్కే అరుదై, 1990లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టవలసి వచ్చింది. మూలిక అయినంత మాత్రాన మెత్తనిది కాదు. పనిచేసేంత బలం వున్నదానికి చెరుపు చేసేంత బలమూ వుంటుంది.

రెండవది వేరుశనగ కథ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. చివరకు తేలినదేమిటంటే, దాణాలో కలిపిన వేరుశనగ పిండికి బూజు పట్టింది, ఆ బూజులో విషం వుంది. అఫ్లాటాక్సిన్ అన్న పేరు అప్పుడే పుట్టింది. వేరుశనగ కంటే సాధువైన గింజ ఏముంది? తడిసిన పొడి, పాతపడిన పొడి, ఎక్కడ ఎండబెట్టారో తెలియని పొడి సంచి మీద 'హెర్బల్' అని అచ్చు వేసినంత మాత్రాన బూజు దాన్ని వదిలిపెట్టదు.

ఇక తీర్పు.

ఈ మూలికల మీద జరిగిన పరీక్షలలో ఎక్కువ భాగం 32 నుంచి 38 డిగ్రీల వరకు వేడి వున్న గదులలో జరిగినవి. ఆ కోళ్ళకు నీళ్ళు బాగానే వున్నాయి, గాలి వుంది, జాగా వుంది. అలాంటి చోట బరువులో కొద్ది లాభం, చావులలో కొద్ది తగ్గుదల చూపిన మూలికలు వున్నాయి. 45 డిగ్రీల వడగాడ్పులో, గాలి ఆడని షెడ్డులో, ఒక రసం కోడి ప్రాణం కాపాడుతుందని ఆ పరీక్షలు చెప్పవు. కోడి ఒంట్లోని వేడి బయటికి పోవాలి. పోవటానికి దారి గాలీ, నీరూ. మూలిక ఆ దారి వేయదు. వున్న దారిలో కోడి కాస్త తట్టుకుని నడిచేలా చేస్తుంది, అంతే.

కనుక డబ్బు ఖర్చుపెట్టవలసిన వరస ఇది. మొదట కప్పు. రేకుల మీద దట్టంగా సున్నం కొట్టించండి. పైన తాటాకో, వరిగడ్డో పరిచి, మధ్యాహ్నం నీళ్ళు చల్లండి. రెండవది గాలి. పంకాలు కోళ్ళ ఎత్తుకు గాలి తగిలేలా పెట్టాలి, కప్పు కింద తిరిగితే లాభం లేదు. పక్కలకు తడిగోనెపట్టలు కట్టండి. కాని గాలి దూరకుండా బిగించి కట్టకండి. పల్నాటి ఎండ పొడి ఎండ కనుక తడిగోనె ఇక్కడ బాగా చల్లబరుస్తుంది. సముద్రపు ఒడ్డున వుక్కపోతలో ఇంత మేలు కనిపించదు. మూడవది నీళ్ళు. అయిదవ వారంలో కోడి రోజుకు 150 గ్రాముల దాణా తింటుందనుకుంటే, మామూలుగా దానికి రెండింతల నీళ్ళు తాగుతుంది. ఎండల్లో నాలుగింతల దాకా పోతుంది. అంటే అయిదు వేల కోళ్ళకు రోజుకు 1,500 లీటర్లు పోసేచోట 3,000 లీటర్లు కావాలి. ట్యాంకు నీడలో వుండాలి, గొట్టాలు భూమిలోపల వుండాలి. కాగిన నీళ్ళు కోడి ముట్టదు. నాలుగవది వేళ. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. కనుక ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగైదు దాకా దాణా పళ్ళేలు పైకి ఎత్తేసి, తెల్లవారుజామునా, రాత్రీ తినిపించండి. దీనికి పైసా ఖర్చు లేదు. అయిదవది జాగా. వేసవి బ్యాచికి అయిదు వేలకు బదులు నాలుగు వేల పిల్లలే దింపమని కంపెనీని అడగండి.

ఈ అయిదూ అయిన తరువాత డబ్బు మిగిలితే అప్పుడు సీసా. అప్పుడైనా ఏజెంటును నాలుగు ప్రశ్నలు అడగండి. దీనిలో ఏ మూలిక ఎంత వుందో, దాని సారం ఎంత శాతమో సీసా మీద రాసి వుందా? ఎంత వేడిలో, ఎన్ని కోళ్ళ మీద, ఏ కళాశాలవారు పరీక్ష చేశారు? ఇది తాగని కోళ్ళను పక్కనే పెట్టి పోల్చారా? లారీ ఎక్కించటానికి ఎన్ని రోజుల ముందు మానాలి? "మీకు నమ్మకం లేదా అమ్మా?" అని ఎదురు ప్రశ్న వేస్తే సీసా వెనక్కు ఇచ్చేయండి. సమాధానాలు చెబితే, వాటిని మండలంలోని పశువైద్యుడికి చూపించండి. దాణా కంపెనీది కనుక, వాళ్ళ సూపర్‌వైజరుకు చెప్పకుండా ఏదీ కలపవద్దు. తరువాత ఆ కారణం చూపి కూలి కోస్తే ఎవరితో చెప్పుకుంటారు?

ఇంకొక ఉపాయం. షెడ్డును వల కట్టి రెండు సమభాగాలు చేయండి. ఎండా, గాలీ రెండు వైపులా ఒకేలా వుండాలి. ఒక వైపు నీళ్ళలో మూలిక, మరో వైపు ఉత్త నీళ్ళు. వారానికోసారి అటు యాభై, ఇటు యాభై కోళ్ళను తూచి నోటుపుస్తకంలో రాయండి. చచ్చినవి రోజూ లెక్క వేయండి. అలా రెండు మూడు బ్యాచిలు చూస్తే, ఏ ఏజెంటూ చెప్పని సత్యం మీ నోటుపుస్తకమే చెబుతుంది.

చివరగా కోడి కొనుక్కు తినేవాళ్ళకు ఒక మాట. పిల్లా, దాణా కంపెనీవి. ఎండ మాత్రం రైతు వాటాకు వచ్చింది. పంకాలకు కావలసిన డబ్బులో సగం కంపెనీ పెట్టాలనీ, వడగాడ్పు రోజులలోని చావులను రైతు కూలిలో నుంచి కోయరాదనీ ఒప్పందం కాగితంలో రాయించుకోవటానికి ఒక్క ఆసామి గొంతు చాలదు. ఒక మండలంలోని షెడ్లవాళ్ళంతా కలిసి అడగాలి. వాళ్ళు అలా అడిగిన ఏడాది కిలోకు నాలుగు రూపాయలు పెరిగితే మనం గగ్గోలు పెట్టకుండా వుంటే చాలు. మే నెలలో కోడి చవకగా దొరికిందంటే, ఎక్కడో ఒక షెడ్డులో ఎండకు తాళలేక ముందే అమ్ముకుని వుంటారు. ఆ చవకలో ఎవరి కరెంటు బిల్లు వుందో సంచీ పట్టుకున్న మనకు తెలియదు గాని, ఆ బిల్లు కట్టేవాళ్ళకు తెలుసు.